హోదా వరుసలో మూడు తెరలు

సుభాషిణి ఎలక్ట్రానిక్ క్రీడల శిక్షకురాలు కావడానికి కారణం బల్ల. అంతకు ముందు చాలా ఏళ్ళుగా ఆమె కాకినాడలో ఆడపిల్లలకు టేబుల్ టెన్నిస్ నేర్పుతూ ఉండేది. తెర ముందు కూర్చుని ఆడే ఆటలు కూడా క్రీడలేనని పైవారు గుర్తించి, వాటి అభివృద్ధికి ఒక ప్రాంతీయ ప్రోత్సాహక మండలిని నెలకొల్పినప్పుడు, శిక్షకులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్న పుట్టింది. ఆ ఆటలకు బల్ల కావాలి. టేబుల్ టెన్నిస్‌కూ బల్ల కావాలి. బల్ల దగ్గర అనుభవమున్న ఉద్యోగిని సిద్ధంగా ఉండగా కొత్తవారిని తీసుకోవడం దుబారా. ఈ తర్కంలో ఎవరికీ లోపం కనబడకపోవడంతో సుభాషిణి తన బ్యాటును బీరువాలో పెట్టి, మండలి కార్యాలయంలో చేరింది.

అక్కడ బల్ల ఉంది. తెర లేదు.

మండలికి క్రీడాకారిణి కూడా ఒక్కతే ఉంది. పేరు నూకరత్నం, ఊరు దుమ్ములపేట. కోట గోడల మీద ఇద్దరు విలుకాళ్ళు ఒకరినొకరు వెతుక్కుంటూ బాణాలు వేసుకునే ఆటలో ఆ పిల్లకు జిల్లాలో ఎదురులేదు. మండలి ప్రారంభోత్సవం నాడు వేదిక మీద ఒక కుర్చీ, ఒక పూలదండ మిగిలిపోతే, ఫొటోలో ఖాళీ కనిపిస్తుందని ఆమెను పిలిచి కూర్చోబెట్టి, కుర్చీకి న్యాయం జరగాలి గనుక అప్పటికప్పుడే ‘క్రీడాకారుల ప్రతినిధి’గా మండలి సభ్యురాలిని చేశారు. ఆ తర్వాత ఏ సమావేశానికీ పిలవలేదు.

జాతీయ జట్టుకు ఎంపిక పోటీ దగ్గర పడుతోంది. ఎవరి ఊళ్ళో వారు కూర్చుని ఇంటర్నెట్ మీద ఆడే పోటీ అది. ఇరవై ఏళ్ళ లోపు వారికే ప్రవేశం. నూకరత్నానికి పంతొమ్మిది నిండాయి. అంటే ఇదే ఆఖరి అవకాశం. ఇన్నాళ్ళూ ఆమె సాధన చేసిన రామారావుపేట ఇంటర్నెట్ సెంటరు ఈమధ్యే కర్రీ పాయింట్‌గా మారింది.

“ఇంట్లో మా అమ్మ టీవీ మీద ఆడుతున్నానండి మేడం,” అంది నూకరత్నం. “నేను బాణం వదిలాక అది తీరుబడిగా ఆలోచించుకుని వదులుతాదండి. ఈలోపు నేను పోతానండి.”

సుభాషిణి ఏ పనినైనా మూలం నుంచి తెలుసుకునే మనిషి. వారం రోజులు చదివి ఆ ఆలస్యానికి కారణం పట్టుకుంది. ఆటకు వాడే తెరలో రెండు గుణాలు చూడాలి. బొమ్మను సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందన్నది ఒకటి. మీట నొక్కాక దాని ఫలితం తెర మీదికి రావడానికి ఎంత ఆలస్యమవుతుందన్నది రెండోది. మామూలు టీవీ తనకు అందిన బొమ్మకు రంగులద్ది, అంచులు దిద్ది, పెళ్ళికూతుర్ని చేస్తే గాని బయటికి పంపదు. సీరియల్ చూసేవారికి అది మేలే. విలుకాడికి మాత్రం ముస్తాబు పూర్తయ్యేలోపే బాణం తగులుతుంది. ముస్తాబు మాన్పించే ‘గేమ్ మోడ్’ కొన్ని టీవీల్లో ఉన్నా, దగ్గర కూర్చుని ఆడేవారికి మానిటరే అనువైనది. సుభాషిణి ఇదంతా ఒక పేజీలో రాసి, సెకనుకు నూట నలభై నాలుగు సార్లు బొమ్మ గీసే ఇరవై ఏడు అంగుళాల మానిటర్ ఒకటి కావాలని మండలి కార్యదర్శి తాండవకృష్ణకు ఇచ్చింది.

తాండవకృష్ణ ఆ పేజీని రెండుసార్లు చదివాడు. “ఇరవై ఏడు అంగుళాలంటే మరీ చిన్నదండి. మండలి గౌరవానికి తగ్గట్టు అరవై అయిదు అంగుళాల టీవీ తీసుకుందాం.”

“అంత పెద్దదైతే దగ్గర కూర్చున్న మనిషి ఈ చివర నుంచి ఆ చివరికి తల తిప్పుతూ ఉండాలండి.”

“తిప్పనివ్వండి. ఈ క్రీడలో వ్యాయామం లేదని ఇప్పటికే విమర్శ ఉంది.” ఆయన పేజీని ఫైలులో పెట్టాడు. “ఏది ఏమైనా, కొనబోయే వస్తువును కొనుగోలు సంఘం స్వయంగా, స్వహస్తాలతో పరీక్షించవలెనని నియమం. రెండు రకాలూ తెప్పిద్దాం.”

కొనుగోలు సంఘమంటే చైర్మన్ సర్వారాయుడు గారు, కార్యదర్శి తాండవకృష్ణ. మెయిన్ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉన్న దొరబాబు ఒక మానిటర్, ఒక టీవీ తెచ్చి సమావేశ మందిరంలో పెట్టాడు. తెర నల్లగా ఉంటుంది, హఠాత్తుగా పచ్చబడుతుంది, పచ్చబడగానే బల్ల మీది కాలింగ్ బెల్లు నొక్కాలి. రెండింటికీ మధ్య పట్టిన కాలం పక్కనే ఉన్న చిన్న గడియారంలో పడుతుంది. కాలింగ్ బెల్లును ఎంచుకోవడం దొరబాబు తెలివి. అధికారులకు అలవాటైన మీట అదొక్కటేనని అతని అంచనా.

ముందు మానిటర్. నూకరత్నం చేత నొక్కించి చూశారు. పావు సెకను.

తర్వాత తాండవకృష్ణ కూర్చున్నాడు. తెర పచ్చబడగానే ఆయన అలవాటు ప్రకారం చైర్మన్ గారి ముఖంలోకి చూసి, అక్కడ అభ్యంతరమేదీ లేదని నిర్ధారించుకుని నొక్కాడు. రెండు సెకన్లు.

ఆఖరున సర్వారాయుడు గారు కూర్చున్నారు. తెర పచ్చబడింది. ఆయన కళ్ళజోడు తీశారు. కండువా అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు.

“పచ్చబడినట్టేనా?”

“తమరు ఎలా అంటే అలాగేనండి,” అన్నాడు తాండవకృష్ణ.

బెల్లు మోగింది. తొమ్మిది సెకన్లు.

మళ్ళీ చేశారు. తొమ్మిదే. చైర్మన్ గారు అలవాట్లు మార్చుకునే మనిషి కారు. ఆ తొమ్మిది సెకన్లు ఎక్కడివో అక్కడున్న అందరికీ తెలుసు. వాటిని ఎవరి ఖాతాలో వేయాలన్నదే తెలియడం లేదు.

సుభాషిణి గొంతు సవరించుకుంది. “ఆలస్యమంతా యంత్రానిదే కానక్కరలేదండి. కంటికీ చేతికీ కూడా కొంత…”

“ఎవరి కంటికండీ?” అన్నాడు తాండవకృష్ణ, ఎంతో మర్యాదగా.

సుభాషిణి సర్వారాయుడు గారి వైపు చూసింది. ఆయన ఆసక్తిగా సమాధానం కోసం ఎదురు చూస్తున్నారు. “సాధారణంగా అంటున్నానండి,” అని ఆమె కూర్చుంది. ఆమె పూర్తి చేయని ఆ వాక్యం నుంచే తక్కిన కథంతా పుట్టింది.

ఎందుకంటే, ఖాళీ దొరికితే తాండవకృష్ణ వివరణ సిద్ధం చేయగలడు. ఆయన లేచి నిలబడ్డాడు. “తెర ఒక్కటే. బొమ్మ ఒక్కటే. కాని క్రీడాకారిణికి పావు సెకనులో, నాకు రెండు సెకన్లలో, గౌరవనీయ చైర్మన్ గారికి తొమ్మిది సెకన్లలో కనబడింది. దీన్నిబట్టి తేలేదేమిటంటే, ఈ యంత్రం బొమ్మను ముందు కింది వారికి చూపించి, ఆ తర్వాత పై వారికి చూపిస్తోంది. ఇది హోదా క్రమానికి విరుద్ధం.”

సర్వారాయుడు గారు తెరను ఎగాదిగా చూశారు. “నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందయ్యా. దాని వాలకం అలా ఉంది.”

టీవీ మీదా పరీక్ష జరిగింది. ఫలితం అదే, ఇంకొంచెం ఎక్కువ. రెంటినీ తిప్పి పంపేశారు.

కొత్త టెండరులో ఒక షరతు చేరింది: ‘సరఫరా చేయబడు ప్రదర్శన యంత్రము, వీక్షకుల హోదాను పరిగణనలోనికి తీసుకొని, చిత్రమును తొలుత చైర్మన్ గారికి, పిమ్మట కార్యదర్శికి, తదనంతరం క్రీడాకారులకు కనబరచవలెను.’ పెద్ద కంపెనీలు దీని అర్థమేమిటని అడిగాయి. అర్థం అడిగిన వారిని సాంకేతికంగా అనర్హులుగా ప్రకటించారు. అర్థం అడగనిది దొరబాబు ఒక్కడే.

“అదెంతండీ,” అన్నాడు అతను. “చేసిపెట్టేత్తాను.”

దొరబాబు మూడు తెరలు తెచ్చాడు. మధ్యలో ఒక రేకు పెట్టె. బొమ్మ నేరుగా చైర్మన్ గారి తెర మీదికి వెళుతుంది. రేకు పెట్టె దాన్ని పట్టి ఉంచి, ఏడు సెకన్ల తర్వాత కార్యదర్శి తెరకు, ఇంకో రెండు సెకన్లు గడిచేలోగా క్రీడాకారిణి తెరకు వదులుతుంది. తెరల మధ్య అట్ట తడికెలు కట్టించారు, ఒకరి హోదాలోకి ఒకరు తొంగిచూడకుండా.

పరీక్ష మొదలైంది. చైర్మన్ గారి తెర పచ్చబడింది. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, అడిగారు. మూడు బెల్లులూ ఒక్కసారిగా మోగాయి.

తాండవకృష్ణ కళ్ళు చెమర్చాయి. సర్వారాయుడు గారు మళ్ళీ చేయించారు. మళ్ళీ ఒక్కసారిగా మోగాయి. అందరికీ కాజాలు పంచారు. యంత్రం హోదా క్రమాన్ని పాటిస్తున్నదని, దానికి తోడు చైర్మన్ గారి చేతివేగం జిల్లా విజేత చేతివేగంతో సమానమని ధ్రువీకరిస్తూ తాండవకృష్ణ అక్కడికక్కడే ఒక ఉత్తర్వు రాశాడు.

ఆ రెండో ముక్క రాయకుండా ఉండవలసింది.

మర్నాటి నుంచి సర్వారాయుడు గారు కార్యాలయానికి తెల్ల బూట్లు వేసుకుని రాసాగారు. మొదటి తెర ముందు తామే కంట్రోలర్ పట్టుకుని, మూడో తెర ముందున్న నూకరత్నంతో పోటీకి దిగారు. ఆయనే గెలిచారు. ప్రతిసారీ గెలిచారు. మూడో తెర మీద కోట తొమ్మిది సెకన్లు పాతది. నూకరత్నం అలవాటు కొద్దీ పరుగెత్తేది, మలుపు కనబడేసరికి మలుపు దాటిపోయి కోట గోడ మీంచి కందకంలో పడేది. సర్వారాయుడు గారు కదిలేవారు కారు. కదలనివారు గోడ మీంచి పడరు. ఒక్క బాణమైనా వదలకుండా ఆయన వరసగా పదకొండు ఆటలు నెగ్గారు.

“పిల్ల మంచిదే గాని, కాస్త నెమ్మదమ్మా,” అన్నారు సుభాషిణితో.

నూకరత్నం వరండాలోకి వచ్చి మెట్ల మీద కూర్చుంది. “మేడం, నేనిలాగే వారం రోజులాడితే నిజంగానే నెమ్మదైపోతానండి. చెయ్యి మర్చిపోతాది. ఆ రేకు పెట్టె పీకేద్దామండి.”

“పీకితే నిన్ను పీకేస్తారు రత్నం. కాస్త ఆగు.”

ఆగే వ్యవధి మాత్రం లేకపోయింది. ఆ సాయంత్రమే తాండవకృష్ణ సమావేశం పిలిచి, ఎంపిక పోటీలో మండలి తరఫున చైర్మన్ గారే స్వయంగా ఆడతారని ప్రకటించాడు.

“పోటీ ఇరవై ఏళ్ళ లోపు వారికండి,” అంది సుభాషిణి.

“పరిశీలించాం. చైర్మన్ గారు ఆ హోదాలో చేరి ఏడాది రెండు నెలలే అయింది. హోదాకు వయస్సు చేరిన తేదీ నుంచే లెక్క. నిజానికి వారే అందరికంటే పిన్నవారు.”

“మరి నూకరత్నం?”

“ఆమెకు మంచినీళ్ళందించే బాధ్యత అప్పగిస్తాం. అది కూడా జట్టులో భాగమే.”

సుభాషిణి ఆ రోజు పూర్తి చేయకుండా వదిలేసిన వాక్యాన్ని గుర్తు చేసుకుంది. నిజం చెప్పడానికి అదను అప్పుడే దాటిపోయింది. ఇప్పుడు చైర్మన్ గారి చెయ్యి నెమ్మది అంటే ఉత్తర్వును ధిక్కరించినట్టవుతుంది. ఇక్కడ నిజానికి విలువ లేదు, సందేహానికి ఉంది. సందేహాన్ని పట్టించుకోని కార్యదర్శి ఇంతవరకు పుట్టలేదు.

“నాదొక చిన్న సందేహమండి,” అంది.

తాండవకృష్ణ వెంటనే కలం తీశాడు. “సెలవివ్వండి.”

“షరతు ప్రకారం క్రీడాకారుల తెర మూడోది. చైర్మన్ గారు క్రీడాకారుడి హోదాలో ఆడుతూ మొదటి తెర ముందు కూర్చుంటే, అక్కడ చైర్మన్ ఉన్నట్టా, క్రీడాకారుడు ఉన్నట్టా?”

ఆయన కలం ఆగిపోయింది. “సమంజసమైన సందేహం. క్రీడాకారుడి హోదాలో మూడో తెర ముందే కూర్చోవాలి.”

“అప్పుడు మొదటి తెర ఖాళీ. చిత్రాన్ని తొలుత ఎవరు చూసినట్టు?”

“ఎవరూ చూడకపోతే,” అని తాండవకృష్ణ నెమ్మదిగా అన్నాడు, “క్రమం మొదలే కాదు. ఇన్‌ఛార్జ్ చైర్మన్‌ను నియమించాలి.” ఒక్క క్షణం ఆయన ముఖం వెలిగింది, మళ్ళీ వాడిపోయింది. “నేను ఉద్యోగిని. ఇన్‌ఛార్జ్ మండలి సభ్యులకే ఇవ్వాలి. సభ్యులెవరున్నారు?”

“ప్రారంభోత్సవం నాడు దండ మిగిలింది కదండీ,” అంది సుభాషిణి.

ఆ విధంగా నూకరత్నం ఇన్‌ఛార్జ్ చైర్మన్ అయింది. చైర్మన్ గారు సాధన చేస్తున్నంతసేపూ మొదటి తెర ముందు కూర్చుని, చిత్రాన్ని తొలుత చూడటం ఆమె విధి. ఊరికే చూస్తూ కూర్చోవడం కన్నా, సాధనకు ప్రత్యర్థిగా కూడా ఉపయోగపడవచ్చునని సుభాషిణి సూచించింది. దానికీ అభ్యంతరం కనబడలేదు.

సర్వారాయుడు గారు మూడో తెర ముందు కూర్చున్నారు. యంత్రం తొమ్మిది సెకన్లు, కళ్ళజోడు తొమ్మిది సెకన్లు. ఆయన ఇంకా కండువా అంచు వెతుకుతుండగానే అవతల ఆట ముగిసింది. కళ్ళజోడు పెట్టుకునేసరికి ఆయనకు ఆట మొదలవుతున్నట్టు కనిపించింది. ఉత్సాహంగా విల్లు ఎక్కుపెట్టారు. ఛాతీలో బాణం దిగి ఉంది.

“ఇదెప్పుడు తగిలిందయ్యా?”

“ఇందాకనేనండి,” అన్నాడు తాండవకృష్ణ, తన తెర మీద రెండు సెకన్ల ముందే చూసి ఉండటంతో.

మరో నాలుగు ఆటలు. నాలుగు బాణాలు. సర్వారాయుడు గారు కంట్రోలర్ బల్ల మీద పెట్టి, చాలాసేపు మూడో తెర వైపు చూశారు. “ఆ పిల్లను ఇన్నాళ్ళూ దీని ముందేనా కూర్చోబెట్టింది?” అన్నారు. ఎట్టకేలకు విషయం అర్థమైందా అనుకుంది సుభాషిణి. ఆయన తల పంకించారు. “ఎలా కూర్చుందో పాపం. క్రీడాకారుల బతుకు ఇంత హీనంగా ఉంటుందనుకోలేదు. ఇది నా స్థాయికి తగిన పని కాదు. నా కుర్చీ నాకిచ్చెయ్యండి.”

కుర్చీ ఇచ్చేస్తే నూకరత్నం మళ్ళీ మూడో తెరకు వెళ్ళాలి. పోటీ రేపే.

సుభాషిణి వరండాలోకి వెళ్ళి, విశాఖలో ఎంపిక పోటీ ప్రారంభ సభ జరిపిస్తున్నవారికి ఫోన్ చేసింది. తమ చైర్మన్ గారు ముఖ్య అతిథిగా రాగలరని, సొంత కారులో వస్తారని, శాలువా కూడా తామే పంపుతామని చెప్పింది. ఆ చివరి మాటతో వారికి అభ్యంతరాలన్నీ తొలగిపోయాయి. లోపలికి వచ్చి ఆ సంగతి చెప్పింది.

సర్వారాయుడు గారు తెల్ల బూట్లు విప్పి చెప్పులు తొడుక్కున్నారు. “ముఖ్య అతిథేనా? ప్రత్యేక అతిథి అంటే నేను వెళ్ళను.”

“ముఖ్యమేనండి. జ్యోతి కూడా మీరే వెలిగిస్తారు.”

“అయితే కుర్చీ సంగతి తిరిగొచ్చాక చూద్దాం. తాండవకృష్ణా, ఇన్‌ఛార్జ్ కొనసాగనియ్యి.”

“చిత్తమండి. మరి క్రీడాకారుడి స్థానం ఖాళీ అయిందండి. పోటీలో ఎవరు ఆడతారు?”

ముగ్గురూ సుభాషిణి వైపు చూశారు. ఆమెకు ఈసరికి ఆ భాష పట్టుబడింది. “ఖాళీ అయిన స్థానం విధులను ఇన్‌ఛార్జ్ చైర్మన్ అదనపు బాధ్యతగా నిర్వహించవచ్చునండి. చైర్మన్ హోదా పైది కనుక, తెర మాత్రం మొదటిదే.”

తాండవకృష్ణ ఆమె వంక మొదటిసారి గౌరవంగా చూశాడు.

పోటీ రోజున నూకరత్నం చైర్మన్ గారి కుర్చీలో, టర్కీ తువ్వాలు కప్పిన వెనుకభాగానికి ఆనుకోకుండా అంచున కూర్చుంది. తాండవకృష్ణ రెండో తెర ముందు కూర్చున్నాడు. మూడో తెర ముందు ఎవరూ లేకపోతే క్రమం అసంపూర్ణమవుతుందని సుభాషిణిని కూర్చోబెట్టారు. ఆ విధంగా, ఆ గదిలో ఆటను అందరికన్నా ఆఖరున చూసేది ఆ పిల్లకు శిక్షకురాలైన మనిషి.

ప్రత్యర్థి గుంటూరు కుర్రవాడు, మంచి గురి ఉన్నవాడు. అయిదు ఆటల్లో చెరి రెండు గెలిచారు. చివరి ఆటలో సుభాషిణి తెర మీద నూకరత్నం విలుకాడు బురుజు చాటున ఒదిగి ఉన్నాడు. అవతలివాడు మెట్లెక్కుతున్నాడు. ఇప్పుడు వదులు, అనుకుంది సుభాషిణి. విలుకాడు వదల్లేదు. అట్ట తడికెకు అవతల కంట్రోలర్ మీటల చప్పుడు ఆగిపోయింది. కుర్చీ కిర్రుమంది. నూకరత్నం ఊపిరి వదలడం వినిపించింది.

ఆ ఊపిరి గెలిచినవారిదో, ఓడినవారిదో తెలియలేదు. తడికె పక్కకు తల వంచితే తెలిసేది. సుభాషిణి వంచలేదు. హోదా మీద గౌరవంతో కాదు, ధైర్యం చాలక. తన తెర మీద మెట్లెక్కుతున్నవాడు ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. రెండో తెర దగ్గర తాండవకృష్ణ “అయ్యయ్యో” అన్నాడు, తర్వాత “ఆహా” అన్నాడు. అప్పుడు, ఎంతో ఆలస్యంగా, బురుజు చాటు నుంచి బాణం బయలుదేరింది.

సుభాషిణి లేచేసరికి నూకరత్నం ఆమె వెనకే నిలబడి ఉంది.

“మీకిప్పుడొచ్చిందాండీ?” అంది.

“ఇప్పుడే వచ్చింది,” అంది సుభాషిణి, కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రానికి జాతీయ జట్టు నుంచి కబురు వచ్చింది. ఎంపిక ఖాయం. ఒక్కటే షరతు: జట్టులో క్రీడాకారులే ఉండాలి, ఏ సంస్థలోనూ పదవిలో ఉన్నవారు ఉండరాదు. ఆ రోజే బదులు చెప్పాలి.

తాండవకృష్ణ తల పట్టుకున్నాడు. “ఇన్‌ఛార్జ్ నుంచీ, సభ్యత్వం నుంచీ తప్పించాలంటే నేను ఫైలు నడపాలి. చైర్మన్ సంతకం కావాలి. వారేమో విశాఖలో సన్మానంలో ఉన్నారు. వచ్చాక వారు చదివి, ఆలోచించి…” అంటూ లెక్క వేయసాగాడు.

“చైర్మన్ అంటే ఇప్పుడు నేనే కదండీ?” అంది నూకరత్నం.

తాండవకృష్ణ నియమాల పుస్తకం తెరిచి చూశాడు. మూశాడు. “నియమం ప్రకారం… అవునండి చైర్మన్ గారూ.”

ఫైలు ఆమె ముందుకు వచ్చింది. తాండవకృష్ణ ‘పైన ఉదహరించిన పరిస్థితుల దృష్ట్యా’ అని చదవడం మొదలుపెట్టేలోగా నూకరత్నం సంతకం పెట్టేసింది. పావు సెకను. ఆ కార్యాలయంలో అంత త్వరగా కదిలిన ఫైలు అంతకు ముందు లేదు.

“ఇక తాము దిగిపోయినట్టేనండి,” అన్నాడు తాండవకృష్ణ ఫైలు అందుకోబోతూ.

నూకరత్నం ఫైలు వదల్లేదు. “తేదీ వెయ్యలేదండి. వేసేదాకా నేనేనా?”

“వేసేదాకా తామే.”

“అయితే మేడం, మొదట్లో మీరు రాసిన కాయితం ఏదండి? ఆ ఒక్క పేజీ?”

దాన్ని అదే ఫైలులో అడుగున వెతికి పట్టుకున్నారు. ఆమె దాని మీద సంతకం పెట్టి, ఆ తర్వాత మొదటి దాని మీద తేదీ వేసి, కుర్చీలోంచి లేచి, నలిగిన టర్కీ తువ్వాలు సరిచేసింది.

మానిటర్ నెల తిరగకుండానే వచ్చింది. ఒక్కటే తెర, మధ్యలో రేకు పెట్టె లేదు. జాతీయ శిబిరానికి వెళ్ళబోయే ముందు నూకరత్నం దాని మీద సాధన చేయాలి. ప్రారంభోత్సవం లేకుండా వాడటం కుదరదు గనుక సర్వారాయుడు గారు రిబ్బను కత్తిరించడానికి వచ్చారు. విశాఖ శాలువా భుజం మీదే ఉంది.

“ఇది ముందు ఎవరికి చూపిస్తుందయ్యా?” అని అడిగారు.

“ఇంకెవరికండీ, తమకే,” అన్నాడు దొరబాబు. “అందుకే ఒకటే పెట్టాం.”

స్విచ్ వేశారు. తెర పచ్చగా వెలిగింది. గదిలో ఎవరూ కదల్లేదు. నూకరత్నం కూడా పచ్చటి తెర ముందు చేతులు కట్టుకుని, ఏమీ చూడనట్టు పైకి పంకా వైపు చూస్తూ నిలబడింది. సర్వారాయుడు గారు కళ్ళజోడు తీశారు. శాలువా అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు.

“ఆ, వెలిగింది,” అన్నారు.

అప్పుడందరూ చప్పట్లు కొట్టారు.